ఇంటిని రోజులవారీ అద్దెకు ఇచ్చే ముందు: నగరం రూల్స్, పన్నులు ఎలా తేల్చుకోవాలి

ఎయిర్‌బీఎన్‌బీలోనో, బుకింగ్ డాట్ కామ్‌లోనో ఇల్లు పెట్టడానికి ఓ పూట చాలు. నాలుగు ఫొటోలు, రాత్రికి ఇంత అని రేటు, బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే అయిపోతుంది. అంత సులువుగా అయిపోవడమే చిక్కు. యాప్ ఒప్పుకుంది కాబట్టి నగరం కూడా ఒప్పుకున్నట్టే అనుకుంటారు చాలామంది. యాప్ ఇచ్చేది ప్రకటన వేసుకునే చోటు మాత్రమే. అనుమతి ఇచ్చేవాళ్లు వేరే, పన్ను అడిగేవాళ్లు వేరే. నోటీసు వస్తే వచ్చేది మీ పేరు మీదే.

ఈ పనిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది చాలా ముఖ్యం. మంచాలు, ఏసీ, పరుపులు కొని, ఫొటోగ్రాఫర్‌ని పిలిపించి, ఆ తర్వాత ఏడాదికి 30 రాత్రులకు మించి ఇవ్వకూడదని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఒక్క రూపాయి, ఒక్క డాలర్ ఖర్చు పెట్టకముందే కింద చెప్పిన వరుసలో వెళ్లండి.

మొదట మీ సంగతి మీరు రాసుకోండి

మూడు ప్రశ్నలు. ఆ ఇంటికి మీరు ఓనరా, అద్దెకు ఉంటున్నారా? ఏడాదిలో ఎక్కువ రోజులు మీరు ఉండే ఇల్లు అదేనా? ఇల్లు మొత్తం ఇస్తారా, మీరు ఉంటుండగా ఒక గది ఇస్తారా?

చాలా నగరాల చట్టాలు ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి. న్యూయార్క్‌నే తీసుకోండి. అక్కడ 2022 నాటి లోకల్ లా 18 అమలు 2023 సెప్టెంబర్ 5న మొదలైంది. 30 రోజుల లోపు బస అయితే హోస్ట్ (ఇల్లు అద్దెకిచ్చేవారు) ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరు అతిథులకు మించి ఉండకూడదు, వాళ్లకు ఇల్లంతా తిరిగే వీలుండాలి. లోపల గదికి తాళం వేసుకుని 'అటు మాది, ఇటు మీది' అంటే కుదరదు. అంటే ఊరెళ్తూ ఫ్లాట్ మొత్తం వారానికి ఇద్దామనుకున్నవాళ్లకు అక్కడ దారే లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే ఏడాదిలో కనీసం 275 రాత్రులు మీరు ఆ ఇంట్లో ఉంటేనే అర్హత. మీరు లేనప్పుడు ఇచ్చే రాత్రులు 90 దాటకూడదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2024 మే 1 నుంచి, 10,000 జనాభా దాటిన చాలా పట్టణాల్లో, సొంతంగా ఉండే ఇంటికీ, అదే స్థలంలో ఉన్న మరో చిన్న పోర్షన్‌కీ మాత్రమే అనుమతి. పెట్టుబడి కోసం కొన్న రెండో ఫ్లాట్‌కు చోటు లేదు.

మూడు ప్రశ్నల్లో రెండోదానికి 'కాదు' అన్నది మీ జవాబైతే చాలా నగరాల్లో కథ అక్కడే ఆగిపోతుంది. ఆగిపోతే పోనివ్వండి. పరుపులు కొనకముందే తెలిసింది.

'షార్ట్ టర్మ్' అంటే మీ నగరంలో ఎన్ని రోజులు?

ఇది అన్నిచోట్లా ఒకటి కాదు. న్యూయార్క్‌లో 30 రోజుల లోపు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లెవీ (ఈ బసల మీద వేసే పన్ను) లెక్కకు 28 రోజుల లోపు. బ్రిటిష్ కొలంబియాలో 90 రోజుల లోపు. సింగపూర్‌లో లెక్క ఇంకో రకం: ప్రైవేటు ఇల్లు మూడు నెలల కంటే తక్కువకు, ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్ ఆరు నెలల కంటే తక్కువకు ఇవ్వకూడదు. అక్కడ వారాంతం అద్దెల మాటే లేదు.

ఈ హద్దు చూడగానే కొందరికి ఒక ఉపాయం తడుతుంది: 'సరే, 31 రోజులకు ఇస్తే రూల్స్ ఏవీ ఉండవుగా!' నగరం రూల్స్ ఉండకపోవచ్చు. కానీ హద్దు దాటగానే అద్దెదారుల చట్టం లోపలికి వస్తుంది. కాలిఫోర్నియా లాంటి చోట్ల నెల దాటి ఉన్న మనిషిని 'మీ బుకింగ్ అయిపోయింది, ఖాళీ చేయండి' అని పంపించేయలేరు, కోర్టు దారి పట్టాల్సిందే. నెలవారీ అద్దె చెడ్డదని కాదు. అది వేరే వ్యాపారం, దానికి సరైన ఒప్పంద పత్రం కావాలి.

నగరం కన్నా ముందు బిల్డింగ్

నగరం సరే అన్నా మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కాదంటే కాదన్నట్టే. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తెచ్చుకుని చదవండి. 'నివాసానికి మాత్రమే' అన్న ముక్క, కనీస అద్దె కాలం ఆరు నెలలు లేదా ఏడాది అన్న షరతు, సబ్‌లెట్ నిషేధం ఉన్నాయేమో చూడండి. స్పెయిన్‌లో 2025 ఏప్రిల్ 3 నుంచి కొత్తగా పర్యాటక అద్దె మొదలుపెట్టాలంటే ఆ బిల్డింగ్ ఓనర్లలో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. పక్క ఫ్లాటువాళ్లకు ఓటు ఉందన్నమాట.

మీరే అద్దెకు ఉంటుంటే ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఫోన్‌లో 'ఇచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు' అన్న మాట గొడవ వచ్చిన రోజున అక్కరకు రాదు. హోమ్ లోన్ ఉంటే ఆ ఒప్పందం, ఇన్సూరెన్స్ పాలసీ కూడా తీసి చూడండి. మామూలు ఇంటి పాలసీలు డబ్బు తీసుకుని అతిథులను ఉంచుకుంటే జరిగే నష్టాన్ని తరచుగా మినహాయిస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో హోస్ట్‌కు కనీసం 5 లక్షల డాలర్ల లయబిలిటీ కవర్ (ఇతరులకు జరిగే నష్టానికి బీమా) ఉండాలని రూల్. ప్లాట్‌ఫామ్ (ఎయిర్‌బీఎన్‌బీ లాంటి యాప్) ఇచ్చే రక్షణను సొంత పాలసీకి బదులుగా లెక్కపెట్టకండి. అది ఏ సందర్భంలో వర్తించదో రాసిన పేజీ, ఏ సందర్భంలో వర్తిస్తుందో రాసిన పేజీ కన్నా పొడుగ్గా ఉంటుంది.

నగరాన్ని అడగడం

ఇక్కడ చాలామంది ఒక్క ఆఫీసుతో మాట్లాడి పని అయిపోయిందనుకుంటారు. సాధారణంగా కనీసం రెండు ఉంటాయి. ఇల్లు ఏ అవసరానికి వాడుకోవచ్చో చెప్పేది ప్లానింగ్ లేదా జోనింగ్ విభాగం. బస పన్ను వసూలు చేసేది రెవెన్యూ లేదా ట్రెజరీ విభాగం. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకపోవచ్చు. పన్ను ఖాతా నంబర్ ఇచ్చారంటే ఇల్లు అద్దెకిచ్చే హక్కు వచ్చిందని కాదు. అనుమతి లేని ఇంటి నుంచి కూడా పన్ను తీసుకునే నగరాలున్నాయి.

నగరం అధికారిక వెబ్‌సైట్‌లోనే 'షార్ట్ టర్మ్ రెంటల్' అని వెతకండి. మూడేళ్ల కిందటి వీడియోలు, తోటి హోస్ట్‌ల గ్రూపుల్లో మాటలు దారి చూపడానికి పనికొస్తాయి తప్ప ఆధారంగా పనికిరావు. చదివాక రెండు ఆఫీసులకూ మెయిల్ పెట్టండి. మెయిల్‌లో కథ వద్దు, ఇలా ఉంటే చాలు:

'ఫలానా అడ్రసులోని ఇల్లు నాది. నేను అక్కడే నివసిస్తున్నాను. ఏడాదిలో కొన్ని రోజులు ఇల్లు మొత్తం, ఒక్కో బుకింగ్ వారం లోపు, అద్దెకు ఇవ్వాలనుకుంటున్నాను. ఒకటి, ఈ అడ్రసు ఉన్న జోన్‌లో దీనికి వీలుందా? రెండు, ఏడాదికి ఎన్ని రాత్రుల పరిమితి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా లెక్క? మూడు, ఏ రిజిస్ట్రేషన్, ఏ తనిఖీ కావాలి, ఫీజు ఎంత, ఎన్నాళ్లకు రెన్యువల్? నాలుగు, బస పన్ను ఎంత, ఏ మొత్తం మీద, ప్లాట్‌ఫామ్ కడితే నేను మళ్లీ రిటర్న్ వేయాలా?'

వచ్చిన జవాబును పీడీఎఫ్‌గా దాచుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పించుకుని వచ్చేస్తే, రేపు ఆ కుర్చీలో ఇంకొకరుంటారు.

రాత్రుల పరిమితి వచ్చాకే ఆదాయం లెక్క

లండన్‌లో ప్లానింగ్ పర్మిషన్ లేకుండా ఇల్లు మొత్తం ఇవ్వగలిగేది క్యాలెండర్ ఏడాదికి 90 రాత్రులు. పారిస్‌లో సొంతంగా నివసించే ఇంటికి 120 రోజులుండేది, 2025 జనవరి 1 నుంచి 90కి తగ్గించారు. వియన్నాలో 2024 జులై 1 నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా 90 రోజులే. ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలాకాలంగా గరిష్ఠం 30 రాత్రులు, నలుగురు అతిథులు; కొన్ని ప్రాంతాల్లో రాత్రులను 2026లో ఇంకా తగ్గించారు.

పైకి కనిపించే అంకె ఒక్కటే చూసి ఆగకండి. జపాన్‌లో 2018 జూన్ 15న అమల్లోకి వచ్చిన మిన్‌పాకు (ఇళ్లలో అతిథి బస) చట్టం ఏడాదికి 180 రోజులు ఇస్తుంది. ఉదారంగానే అనిపిస్తుంది. కానీ స్థానిక సంస్థలు దాన్ని ఇంకా బిగించవచ్చు. టోక్యోలోని షింజుకు వార్డులో, కేవలం నివాసాలకు కేటాయించిన ప్రాంతాల్లో, సోమవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం వరకు ఇవ్వకూడదు. మిగిలేవి శుక్ర, శని, ఆదివారం రాత్రులు. వారానికి మూడు చొప్పున 52 వారాలకు 156. ప్రతి వారాంతం నిండినా 156 దగ్గరే ఆగిపోతుంది. 180 వేసి ఈఎంఐకి సరిపోతుందని లెక్కకట్టినవాళ్లకు 24 రాత్రుల డబ్బు అక్కడే పోయింది. ఆ ఏడాది కూడా జనవరి నుంచి కాదు, ఏప్రిల్ 1 మధ్యాహ్నం నుంచి లెక్క.

ఇంకో సంగతి. పరిమితి ఇంటికి, యాప్‌కు కాదు. లండన్‌లో ఎయిర్‌బీఎన్‌బీ 2017 నుంచి 90 రాత్రులు నిండగానే తనంతట తనే క్యాలెండర్ మూసేస్తోంది. అయితే దానికి తెలిసేది తన బుకింగ్‌లే. దాంట్లో 60, ఇంకో సైట్‌లో 40 ఇచ్చారంటే మీరు 100కి చేరారు, ఏ యాప్ హెచ్చరించదు. కాబట్టి మీ లెక్క మీరే ఒక షీట్‌లో పెట్టుకోండి.

పరిమితి తేలాక ఆదాయం చూడండి. ఎలాగూ 90 రాత్రులే ఇవ్వగలిగినప్పుడు రేటు ఎక్కువ పలికే సెలవులు, పండగలు, పెద్ద ఈవెంట్ల రోజులకే అవి కేటాయించడం తెలివైన పని. వాటి నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు, ఇన్సూరెన్స్, క్లీనింగ్, ప్లాట్‌ఫామ్ కమీషన్ తీసేయండి. మిగిలింది మామూలు నెలవారీ అద్దె కన్నా తక్కువైతే ఈ తలనొప్పి ఎందుకన్నది మీ ఇష్టం. నా లెక్కలో అయితే అక్కడితో వదిలేయడమే మేలు.

రిజిస్ట్రేషన్

నంబర్ రాకముందు లిస్టింగ్ పెట్టకండి. పారిస్‌లో రిజిస్ట్రేషన్ నంబర్ ప్రకటనలో కనిపించాలి. ఇటలీలో సీఐఎన్ అనే జాతీయ కోడ్ కావాలి. న్యూయార్క్‌లో దరఖాస్తు ఫీజు 145 డాలర్లు, రిజిస్ట్రేషన్ లేని ఇంటి బుకింగ్‌ను ప్లాట్‌ఫామ్ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దానికీ జరిమానా. అందుకే అక్కడ యాప్‌లు ఇంత కఠినంగా మారాయి. యూరోపియన్ యూనియన్‌లో 2026 మే 20 నుంచి వర్తించే 2024/1028 నిబంధన ప్రకారం, రిజిస్ట్రేషన్ విధానం ఉన్న చోట ప్లాట్‌ఫామ్‌లు నంబర్ చూపించాలి, బుకింగ్‌ల వివరాలు అధికారులకు పంపాలి. ఎవరికీ తెలియకుండా ఇచ్చుకునే రోజులు వేగంగా పోతున్నాయి.

దరఖాస్తుకు మామూలుగా అడిగేవి: ఇంటి పత్రం లేదా అద్దె ఒప్పందం, అక్కడే ఉంటున్నట్టు రుజువు, ఇంటి ప్లాను, ఫైర్ సేఫ్టీకి సంబంధించిన ఆధారాలు. పొగ అలారం, మంటలార్పే సిలిండర్, బయటికి వెళ్లే దారి చూపే కాగితం తనిఖీకి ముందే పెట్టేయండి. తనిఖీవాళ్లు తప్పకుండా చూసేవి ఇవే.

పన్నులు: ఒకటి కాదు, మూడు

గందరగోళమంతా మూడు పన్నులను కలిపి చూడటంతో వస్తుంది. విడివిడిగా చూడండి.

మొదటిది బస పన్ను. దీన్ని అతిథి కడతాడు, మీరు వసూలు చేసి నగరానికి చేరుస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 14 శాతం, ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 నుంచి 12.5 శాతం, బెర్లిన్‌లో 2025 నుంచి 7.5 శాతం. కొన్నిచోట్ల శాతం కాదు, తలకు రాత్రికి ఇంత అని. రోమ్‌లో అలాగే ఉంటుంది, అదీ వరుసగా 10 రాత్రుల వరకే, పదేళ్ల లోపు పిల్లలకు లేదు. దుబాయ్‌లో టూరిజం దిర్హామ్ పేరుతో పడకగదికి, రాత్రికి లెక్క.

ఒక బుకింగ్ తీసుకుని చూద్దాం. ఇద్దరు పెద్దవాళ్లు, ఒక చిన్నపిల్ల, మూడు రాత్రులు. రాత్రికి 100, క్లీనింగ్ ఫీజు 50. పన్ను 10 శాతం అనుకోండి. అద్దె మీదే అయితే 30. క్లీనింగ్ ఫీజు కూడా కలిపి లెక్కకట్టే నగరమైతే 350 మీద 35. అదే తలకు రాత్రికి 4 అయితే పిల్లను వదిలేసి ఇద్దరు, మూడు రాత్రులు, మొత్తం 24. ఒక్క బుకింగ్‌లో 5 తేడా చిన్నదే. ఏడాది చివర ఆడిట్‌లో అన్ని బుకింగ్‌లకూ కలిపి, వడ్డీతో సహా అడిగినప్పుడు చిన్నదనిపించదు. విక్టోరియాలో 2025 జనవరి 1 నుంచి ఉన్న 7.5 శాతం లెవీ క్లీనింగ్ ఫీజుతో కలిపిన మొత్తం బుకింగ్ సొమ్ము మీద పడుతుంది. మీరు సొంతంగా నివసించే ఇంటికి మాత్రం మినహాయింపు ఉంది.

'ప్లాట్‌ఫామ్ కడుతోందిగా' అనేవాళ్లు ఆగి ఒక్కసారి చూసుకోవాలి. ఏ పన్ను కడుతోంది? టెక్సాస్‌లో 30 రోజుల లోపు బసకు రాష్ట్రం పన్ను 6 శాతం, దాని మీద నగరం, కౌంటీ ఎవరికి వారు వేసుకుంటారు. ఫ్లోరిడాలోనూ రాష్ట్రం పన్ను వేరు, కౌంటీ పర్యాటక పన్ను వేరు. యాప్ ఒకటి కట్టి ఇంకొకటి మీకు వదిలేయవచ్చు. మీ పేమెంట్ వివరాల్లో ఏ పన్ను పేరుతో ఎంత పట్టారో చదవండి, అందులో లేనిది మీ బాధ్యత. తెలిసినవాళ్ల ద్వారా నేరుగా వచ్చే బుకింగ్‌లకైతే మొత్తం మీరే చూసుకోవాలి. బుకింగ్‌లే లేని నెలకు కూడా 'సున్నా' అని రిటర్న్ వేయమనే నగరాలు చాలా ఉన్నాయి. అన్నట్టు, ఆ పన్ను డబ్బు మీది కాదు. ఇంకో బ్యాంకు ఖాతాలో పడేస్తే చేతికి అందదు, ఖర్చూ అవదు.

రెండోది జీఎస్టీ, వ్యాట్, సేల్స్ టాక్స్ కుటుంబం. భారత్‌లో ఈ తరహా బసకు, రాత్రికి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతం, ఆపైన 18 శాతం. మీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే మీరే రిజిస్టర్ కావాలి. దాటకపోతే ప్లాట్‌ఫామ్ ద్వారా వచ్చిన బుకింగ్‌ల జీఎస్టీ ప్లాట్‌ఫామే కడుతుంది. కొన్ని రాష్ట్రాల్లో ఈ హద్దు 10 లక్షలే.

మూడోది మీ ఆదాయపు పన్ను. ఇది అతిథి నుంచి వచ్చేది కాదు, మీ జేబులోంచి పోయేది. ఇక్కడ వెతుక్కుంటే మినహాయింపులు దొరుకుతాయి. అమెరికాలో మీరు నివసించే ఇంటిని ఏడాదిలో 14 రోజులు లేదా అంతకన్నా తక్కువ అద్దెకిస్తే, ఆ అద్దెను ఫెడరల్ రిటర్న్‌లో చూపనక్కర్లేదు. అయితే ఆ అద్దెకు అయిన ఖర్చులూ చూపకూడదు. ఈ మినహాయింపు ఆదాయపు పన్నుకే. నగరం బస పన్ను చాలాచోట్ల ఆ 14 రోజులకూ కట్టాల్సిందే, ఈ రెండింటినీ కలిపేసుకునేవాళ్లే ఎక్కువ. బ్రిటన్‌లో సొంత ఇంట్లో సామానుతో ఉన్న గది అద్దెకిస్తే ఏడాదికి 7,500 పౌండ్ల దాకా పన్ను లేదు. మరోవైపు అక్కడ హాలిడే ఇళ్లకు ఉన్న ప్రత్యేక రాయితీ పద్ధతిని 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఆదాయం దాచేద్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి. యూరోపియన్ యూనియన్‌లో 2023 నుంచి, బ్రిటన్‌లో 2024 నుంచి ప్లాట్‌ఫామ్‌లే హోస్ట్‌ల సంపాదన వివరాలు పన్ను శాఖకు పంపిస్తున్నాయి.

వచ్చినవాళ్ల వివరాలు

ఇది చిన్న పనే కానీ మర్చిపోతే పెద్ద చిక్కు. ఇటలీలో అతిథి వివరాలు 24 గంటల్లో పోలీసు పోర్టల్‌లో ఎక్కించాలి. భారత్‌లో విదేశీయులు బస చేస్తే, ఫారం సి పేరుతో అందరికీ అలవాటైన సమాచారం 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పంపాలి. జపాన్‌లో రిజిస్టర్ మూడేళ్లు దాచాలి, బ్రిటన్‌లో 12 నెలలు. పాస్‌పోర్ట్ కాపీలు తీసుకుంటే వాట్సాప్‌లో అలా పడి ఉండనివ్వకండి. గడువు తీరగానే తీసేయండి.

చెత్త వేసే రోజులు, పార్కింగ్, రాత్రి ఎన్నింటి తర్వాత చప్పుడు ఉండకూడదో తలుపు పక్కన ఒక కాగితం అంటించండి. నగరానికి వెళ్లే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పన్ను కాదు, పక్కింటివాళ్ల నిద్ర. వాళ్లకు మీ ఫోన్ నంబర్ ఇచ్చి ఉంచితే ముందు ఫోన్ మీకే వస్తుంది.

రూల్ మారినప్పుడు, మానేసినప్పుడు

ఈ రంగంలో నిబంధనలు ఏటా మారుతున్నాయి. బార్సిలోనా మేయర్ జామే కొల్బోని 2024 జూన్‌లో ప్రకటించిన ప్రకారం, అక్కడి 10,101 పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ 2028 నవంబర్‌కు ముగిసిపోతాయి, మళ్లీ ఇవ్వరు. అలాంటి చోట ఇరవై ఏళ్ల లోన్ మీద ఫ్లాట్ కొని ఈ అద్దెతోనే తీర్చాలనుకోవడం ప్రమాదం. ఇంటిని నెలవారీ అద్దెకిచ్చినా వాయిదా గట్టెక్కుతుందా అని చూసుకున్నాకే అడుగు వేయండి. రెన్యువల్ తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని, ఆ రోజు నగరం పేజీ కొత్తగా చదవండి.

మానేయాలనుకుంటే లిస్టింగ్ తీసేయడంతో పని అవ్వదు. చివరి రిటర్న్ వేసి, పన్ను ఖాతా మూయమని రాసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించి, రెండింటికీ రసీదు తీసుకోండి. ఖాతా తెరిచే ఉంటే రిటర్న్ రాలేదన్న నోటీసులు వస్తూనే ఉంటాయి. కొన్ని నగరాలు తమ అంచనాతో పన్ను వేసేసి, దాని మీద జరిమానా కూడా వేస్తాయి. బుకింగ్‌ల షీట్, బిల్లులు, రసీదులు మాత్రం వెంటనే పారేయకండి. మీ దగ్గర పన్ను శాఖ ఎన్నేళ్లు వెనక్కి వెళ్లి అడగగలదో అన్నేళ్లు ఉంచండి.